పెద్దన్న సంతకం

"లోకంలో నేరాలు రెండే రకాలు. నేను ఛేదించినవి, నా దాకా రానివి."

ఆఫీసు మెట్ల మీద నిలబడి బావ ఈ ప్రకటన చేసినప్పుడు వినడానికి బావమరిది ఒక్కడే ఉన్నాడు. అతనికి వినే ఓపిక లేదు, తప్పించుకునే దారీ లేదు. ఈ ఉద్యోగం బావ సిఫారసుతో వచ్చిందే. బావ అదే ఆఫీసులో అకౌంటెంటు. లెక్కలు పొట్ట కోసం, అపరాధ పరిశోధన ఆత్మ కోసం అంటాడు. తనకు తానే 'డేగ' అని బిరుదిచ్చుకున్నాడు, జేబులో భూతద్దం లేనిదే గడప దాటడు. ఇంతవరకు ఛేదించిన పెద్ద కేసు సొంత కళ్ళజోడు మాయం కావడం. అదైనా ఆయన నెత్తిమీదే ఉందని అక్క చూపిస్తే తేలింది.

బావమరిది కష్టం మాత్రం నిజమైనదే. మూడు పాత కంప్యూటర్లను ఒక జట్టుగా కట్టే పని ఆఫీసు నడిపే మేడం అతనికి అప్పగించింది. ఒక్కో ప్రోగ్రామునూ ఒక్కో డబ్బాలో సర్దితే, ఆ డబ్బాల బరువును మూడూ పంచుకుని మోయాలి. జట్టు కుదిరితే, కొత్త ప్రోగ్రాములను ఎక్కడివక్కడ చేరవేసే సాఫ్ట్‌వేరును అందులో ఎక్కించడానికి సాయంత్రం ఐదింటికి ఒక ఇంజినీరు వస్తాడు. అప్పటికి అన్నీ సిద్ధంగా లేకపోతే పని బయటివాళ్ళకు ఇచ్చేస్తానని, ఉద్యోగం ఖాయమయ్యే సంగతి ఇక మరిచిపొమ్మని మేడం మెత్తగా చెప్పింది. ఆవిడ మెత్తగా చెప్పినవన్నీ జరిగి తీరతాయి.

జట్టుకు ఒక పెద్ద కావాలి. అది సంతకం పెట్టి గుర్తింపు పత్రాలిస్తే, అవి చూసుకుని మిగతావి చేరతాయి. బావ బల్ల మీద ఏళ్ళ తరబడి నలిగి, ఆయనకు కొత్తది రావడంతో ఖాళీ అయిన కంప్యూటరును అతను 'పెద్దన్న' చేశాడు, మిగతా రెండూ తమ్ముళ్ళు. పొద్దుటినుంచి తమ్ముళ్ళిద్దరూ పెద్దన్న సంతకాన్ని లెక్కచేయడం లేదు. పత్రం గడువు తీరిపోయింది, లేదా ఇంకా మొదలవలేదు అంటున్నారు. గడువు తీరిందన్న ముక్క దగ్గరే బావమరిది ఆగిపోయాడు, తక్కిన సగం మీదికి మనసు పోలేదు. పాత పత్రం చెరిపేసి కొత్తది ఇప్పిస్తున్నాడు. తమ్ముళ్ళు దాన్నీ తిప్పికొడుతున్నారు. మధ్యాహ్నం మూడు దాటినా అదే తంతు.

సరిగ్గా అప్పుడే బావ రంగప్రవేశం చేశాడు.

"దొంగ సంతకాల ముఠా. ఇది మిషన్ల పని కాదు బామ్మర్దీ, మనిషి పని."

"ఏ మనిషి బావా? గదికి తాళం ఉంది. వీటికి బయటి నెట్ కూడా ఇవ్వలేదు."

"అందుకే చెప్తున్నా. లోపలి మనిషి."

బావ ముందుగా కీబోర్డు వాసన చూసి గంభీరంగా తల పంకించాడు. తర్వాత వేలిముద్రల కోసం పెద్దన్న మీద మొహానికి రాసుకునే పౌడరు చల్లాడు. లోపలి ఫ్యాను ఆ పౌడరంతా తిరిగి ఆయన మొహానికే రాసింది. అయినా చలించలేదు. దీని నిండా ఒకే మనిషి ముద్రలున్నాయని, వాడు దీన్ని ఏళ్ళ తరబడి వాడిన ఘరానా మనిషని, పరమ బద్ధకస్తుడని తేల్చాడు. వాచ్‌మన్‌ను పిలిచి రాత్రి ఎక్కడున్నావని గద్దించాడు. గేటు దగ్గరేనని అతను ఠక్కున చెప్పాడు. అంత ఠక్కున చెప్పాడంటే జవాబు ముందే తయారు చేసుకున్నాడని బావ అనుమానించాడు.

"నేరస్తుడు నేరస్థలానికి రాక తప్పదు. వచ్చి ఆ తెర వంక ఒక్కసారి చూస్తాడు. అప్పుడు మీద పడదాం."

ఉపాయాలన్నీ అయిపోయాయి గనక బావమరిది కూడా బీరువా వెనక నక్కాడు. ఎవరూ రాలేదు. బావ మోకాళ్ళు మాత్రం పటపటమన్నాయి. కాసేపటికి ఆయన లేచాడు, పెద్దన్న తెర వంక ఒక్కసారి చూశాడు, ప్యాంటు దులుపుకుని సంచీ భుజాన వేసుకున్నాడు.

"ఐదైంది. పద, ఇంటికి పోదాం."

బావమరిదికి ఏడుపొక్కటే తక్కువ. ఐదైందంటే ఇంజినీరు ఈపాటికి మెట్లెక్కుతూ ఉంటాడు. ఉద్యోగం పోయిందని అక్కకు ముందే చెబుదామని ఫోన్ తీశాడు. అందులో నాలుగున్నరే అయింది.

"బావా, ఐదైందని నీకెవరు చెప్పారు?"

"పెద్దన్న. ఇన్నేళ్ళుగా దాన్ని చూసేగా నేను లేచేది."

కొత్త కంప్యూటరు వచ్చాక కూడా బావ రోజూ సాయంత్రం ఈ గదిలోకి తొంగిచూసి వెళ్ళడం తన మీద అభిమానమని ఇంతవరకు అనుకున్నాడు బావమరిది. ఇప్పుడు తమ్ముళ్ళ గడియారాలు చూశాడు. రెండింటిలోనూ నాలుగున్నరే. కొత్త సిస్టం ఎక్కించినా పెద్దన్న లోపలి గడియారం పాతదే, బయటి నెట్ లేదు గనక సరైన టైం చెప్పేవాళ్ళూ లేరు. అరగంట ముందు బతుకుతున్న పెద్దన్న ఇంకా రాని టైం వేసి సంతకాలు పెడుతున్నాడు. పత్రాలకు గడువు తీరలేదు, ఇంకా మొదలే కాలేదు.

"దీన్ని అరగంట ముందుకు తిప్పిందెవరు బావా?"

బావ భూతద్దం తీసి తుడవడం మొదలుపెట్టాడు. చాలాసేపు తుడిచాడు.

"మీ అక్కకు చెప్పకు."

తిట్టడానికి తీరిక లేదు. బావమరిది గడియారం సరిచేసి, పాత పత్రాలు చెరిపి, కొత్తవి ఇప్పించాడు. చిన్న తమ్ముడు చేరాడు. రెండోవాడు కొంచెం బెట్టు చేసి చేరాడు. ఇన్నాళ్ళూ బావ కాజేసిన అరగంటే ఇవాళ అతనికి దక్కింది. మేడం ఇంజినీరును వెంటబెట్టుకుని వచ్చేసరికి తనిఖీలన్నీ పచ్చరంగులో వెలుగుతున్నాయి.

చిక్కెక్కడొచ్చిందని మేడం అడిగింది. పెద్దన్న గడియారం అరగంట ముందుందని, సరిచేశానని చెప్పి బావమరిది ఊరుకున్నాడు. ఆవిడ ఆ కంప్యూటరును చూసింది. అది ఎవరి బల్ల మీద ఉండేదో గుర్తు చేసుకుంది. బావ భుజాన ఉన్న సంచీని, మొహాన ఉన్న పౌడరును కూడా చూసింది.

"నీ ఉద్యోగం ఖాయం," అంది బావమరిదితో. తర్వాత బావ వైపు తిరిగి మెత్తగా చెప్పింది. "రేపట్నుంచి మీరు ఇంటికి వెళ్ళేముందు నాకు చెప్పి వెళ్ళండి."

మర్నాడు సాయంత్రం బావ మూడుసార్లు ఆ గదిలోకి వచ్చి పెద్దన్న వంక చూసి వెళ్ళాడు. నాలుగోసారి బావమరిది పక్కన కుర్చీ లాక్కుని కూలబడ్డాడు.

"కేసైతే ఛేదించాను గానీ బామ్మర్దీ, ఒక్కటే అంతు చిక్కడం లేదు. ఈ ఆఫీసులో ఐదు ఇంత ఆలస్యంగా ఎప్పట్నుంచి అవుతోంది?"