కార్యదర్శి గారి గంతలు

ఆ ఆదివారానికి ప్రభుదాస్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున చర్చి కాగానే కార్ఖానా బస్తీలో ఖాజావలి దుకాణానికి వెళ్ళాలి. అక్కడ తయారై ఉన్న కొత్త తోలు తొడుగులు తగిలించుకోవాలి. ఇద్దరు స్నేహితులతో కలిసి మోటార్‌సైకిళ్ళ మీద బొల్లారం వెళ్ళి, టీ తాగి, భోజనాల వేళకి ఒంటి మీద గీత పడకుండా ఇంటికి రావాలి. అలా వస్తే బండి ఉంటుంది. లేకపోతే ఉండదు.

ఈ షరతు పెట్టింది ఆయన భార్య ప్రేమమణి. కిందటి వారం ప్రభుదాస్ బన్సీలాల్‌పేట్‌లో సొంత వీధిలోనే, రోడ్డు పక్కన తన మానాన తాను గింజలు ఏరుకుంటున్న ఒక కోడి వైపు చూస్తూ, బండిని తీసుకెళ్ళి సున్నం కుప్పలో పెట్టాడు. తెల్లగా ఇంటికొచ్చిన మొగుణ్ణి చూసి ప్రేమమణి ముందు కేక పెట్టింది, తరవాత తుడిచింది, ఆ తరవాత మాట్లాడింది. ఆ మూడోదే ఆయనకి గట్టిగా తగిలింది.

"తలకీ మోకాళ్ళకీ ఏదన్నా గట్టిది కట్టుకుని నడపండి, లేదా అమ్మేయండి. కట్టుకున్నాక కూడా ఇంకొక్క దెబ్బ తగిలిందా, ఇక మాటల్లేవు. ఏమంటారు?"

"సరే," అన్నాడు ప్రభుదాస్.

ఒట్లు పెట్టుకోవడం ఆ ఇంట్లో పాపం. అందుకని అక్కడ సరే అన్న మాటకి ఒట్టు కంటే బలం ఎక్కువ. పైగా ఆ బండంటే ఆయనకి ప్రాణం. యుద్ధం అయ్యాక మిలిటరీ వాళ్ళ వేలంలో కొన్నాడు. రైల్వే ఆఫీసులో గుమాస్తాగా ఆరు రోజులు తల వంచుకుని పనిచేసే మనిషి ఏడో రోజు దాని మీద తలెత్తుకుని కూర్చునేవాడు. చర్చి అయ్యాక ప్రేమమణి వెనక కూర్చుని, కొంగు నడుముకి బిగించుకుని, బొల్లారం దాకా వెళ్ళి వచ్చేది. ఆవిడది గుడివాడ. ఇష్టమైన సంగతి ఇష్టమని చెప్పే అలవాటు లేదు. కానీ శనివారం సాయంత్రం అయితే చాలు, "పెట్రోలు ఉందా?" అని ఏమీ ఎరగనట్టు అడిగేది.

సికింద్రాబాద్ మోటార్‌సైకిల్ సవారీ క్లబ్బులో సభ్యులు ముగ్గురు. ముగ్గురూ పదవుల్లోనే ఉన్నారు. మిషన్ బడి డ్రిల్లు మాస్టరు జకర్యా అధ్యక్షుడు. సైకిళ్ళ దుకాణం రహమాన్ కోశాధికారి, కోశం మాత్రం ఇంకా ఏర్పడలేదు. ప్రభుదాస్ కార్యదర్శి. తన ఇంట్లో పుట్టిన షరతుని ఆయన క్లబ్బు తీర్మానంగా మార్చి, ముగ్గురికీ తొడుగులు కుట్టమని ఖాజావలికి పురమాయించాడు.

ఖాజావలి గుర్రాలకి జీన్లు కుట్టేవాడు. సర్కారు వారి గుర్రపు దళం, రిసాలాలో గుర్రాలన్నీ ఒకప్పుడు ఆయన కుట్టిన తోలే వేసుకునేవి. పోలీసు చర్య జరిగి ఏడాది దాటింది. రిసాలా రద్దయింది, గుర్రాలు తలా ఒక దిక్కు పోయాయి. కుట్టిన జీన్లు అడిగే దిక్కు లేక దుకాణం గోడలకి వేలాడుతున్నాయి. ప్రభుదాస్ ఆయన దగ్గరికే వెళ్ళడానికి పనితనం ఒక కారణం. రెండో కారణం జాలి. అది ఆయన ఎవరికీ చెప్పలేదు.

ముగ్గురూ వెళ్ళేసరికి అంతా సిద్ధంగా ఉంది. మోకాలి తొడుగులూ మోచేతి తొడుగులూ బ్రహ్మాండంగా కుదిరాయి. తలకి మందపాటి తోలు టోపీ, లోపల జీను కింద వేసే మెత్తటి నమ్దా. అంతవరకూ బాగానే ఉంది. అయితే టోపీకి కళ్ళ పక్కగా, అటొకటి ఇటొకటి, అరచేయంత తోలు రెక్కలు నిలబడి ఉన్నాయి. ఎడమ రెక్క మీద ఎవరి పదవి వాళ్ళకి మేకు పోట్లతో చెక్కి ఉంది. ప్రభుదాస్ దాని మీద 'కార్యదర్శి' అని ఉంది.

"ఇవేంది ఖాజావలీ, కండ్ల పక్కన?"

"గంతలు సాబ్."

"గంతలు గుర్రానికి గద కట్టేది!"

"మొన్న మీరెందుకు పడ్డరు సాబ్? కోడి అడ్డమొచ్చిందా?"

"లే. పక్కకున్నది."

"పక్కకున్నదాన్ని మీరెందుకు చూసిన్రు? బెదిరిన్రు. గుర్రం సుత గంతే. ముందట ఏమున్నా దానికి ఫికర్ లేదు. పక్కపొంటి కాయితం ముక్క కదిలిందంటే బెదురుతది, సవారును కింద పడేస్తది. గంతలు కడితే సీదా పోతది."

"గుర్రం సంగతి సరే. నేను సవారును."

"మరి మీ బండికి కండ్లున్నయా?"

"లైటుంది."

"లైటు చూస్తదా సాబ్? చూసేదెవరు?"

"నేనే."

"మరి బెదిరేదెవరు?"

ఆ రెక్కలు కోసెయ్యి అనే మాట ప్రభుదాస్ నోటిదాకా వచ్చింది. కానీ ఏడాదిగా వాడిపోయి ఉన్న ఖాజావలి మొహం ఆ పొద్దున వెలిగిపోతూ ఉంది. పరదా వెనక నుంచి ఆయన భార్య ఖమర్ బీ, బకిల్సు నేనే తోమానని చెప్పి మురిసిపోతోంది. ప్రభుదాస్ మాట మింగేసి మెడ వంచాడు. తరవాత రోజుల్లో ఆయన ఆ మాటని ఒంటరిగా చాలాసార్లు పైకి అని చూసుకున్నాడు. ఎంతో తేలిగ్గా వచ్చింది.

ఖాజావలి టోపీలు పెట్టి, బకిల్సు మెడ వెనక బిగించాడు. గుర్రం తన బకిల్సు తాను విప్పుకోదు కాబట్టి అవి పెట్టుకున్నవాడి చేతికి అందవు, ఇంకొకరే విప్పాలి. జకర్యా డ్రిల్లు గొంతుతో ఉత్తర్వు ఇచ్చాడు. "ఎదురుగా ఉన్నవాడి వీపు చూసుకుంటూ రండి. నేను చెయ్యి ఊపితే తొందరగా రమ్మని." ముందు ఆయన, మధ్యలో ప్రభుదాస్, వెనక రహమాన్.

తిరుమలగిరి దగ్గర గొర్రెల మంద అడ్డం వచ్చింది. అప్పటికే జకర్యా దాటిపోయాడు. మంద పోయాక ప్రభుదాస్‌కి ఎదురుగా మళ్ళీ ఒక ఖాకీ కోటు, తోలు టోపీ, అదే రకం బండి కనిపించాయి. డ్రిల్లు మాస్టరు కోటూ ఖాకీయే. అయితే ఇది పక్క రోడ్డు నుంచి వచ్చి కలిసిన, మిలిటరీ టపా మోసే సిపాయి. పక్క రోడ్డు అనేది ఒకటుందని ప్రభుదాస్‌కి ఆ పూట తెలిసే వీలు లేదు. ఆ వీపుని పట్టుకున్నాడు. రహమాన్ ప్రభుదాస్ వీపుని పట్టుకున్నాడు.

కొంత దూరం పోయాక సిపాయి వెనక్కి తిరిగి చూశాడు. మొహాలకి పక్కలు లేని మనుషులు ఇద్దరు తన వెనకే వస్తున్నారు. మెడలో కాగితాల సంచి ఉంది. రోజులు ఇంకా పూర్తిగా కుదుటపడినవి కావు. వేగం పెంచాడు. అధ్యక్షుడు హుషారు మీద ఉన్నాడనుకుని ప్రభుదాస్ కూడా పెంచాడు. పొమ్మని సిపాయి చెయ్యి ఊపాడు. తొందరగా రమ్మంటున్నాడని వీళ్ళు ఇంకా పెంచారు. సిపాయి అరుచుకుంటూ బొల్లారం మిలిటరీ క్యాంపు గేటులోకి దూసుకుపోయాడు. కాపలావాడు గేటు మూసేలోగా ఆ దుమ్ములోనే మిగతా రెండు బళ్ళూ లోపలికి పోయాయి. టీకి కొత్త చోటు కనిపెట్టాడే అని ప్రభుదాస్ మనసులో అధ్యక్షుణ్ణి మెచ్చుకున్నాడు.

లోపల మైదానంలో సామాన్లు మోసే కంచరగాడిదల దళం తనిఖీ జరుగుతోంది. మూటలూ గుడారాలూ ఎక్కించి వాటిని రెండు వరసలుగా నిలబెట్టారు. ఆ రెండు వరసల మధ్య నుంచి మూడు మోటార్‌సైకిళ్ళు వెళ్ళాయి. ఎడమ వరస ఎడమకీ, కుడి వరస కుడికీ లేచిపోయింది. మూటలు తెగాయి, వంట గిన్నెలు దొర్లాయి, ఒక గాడిద గుడారంతో సహా వంటశాలలో దూరింది. ప్రభుదాస్ వీటిలో ఏదీ చూడలేదు. ఎదురుగా వీపు ఉంది, దారి బాగుంది. వీపు ఒక బల్ల ముందు ఆగి దూకితే ఆయనా ఆగాడు. అధ్యక్షుడు ఇటు తిరిగాడు. అధ్యక్షుడికి ఇంత మీసం ఉంది. జకర్యాకి మీసం లేదు.

బల్ల వెనక నుంచి దళపతి లేచాడు. పంజాబు మనిషి. ఎర్రగా ఉన్నాడు, ఇంకా ఎర్రబడ్డాడు.

"నా జంతువుల్ని ఏం చేశావో చూశావా?" అని హిందుస్తానీలో గర్జించాడు.

"ఏ జంతువుల్ని సార్?" అన్నాడు ప్రభుదాస్ నిజాయితీగా.

దళపతి దగ్గరికొచ్చి, ఆయన గడ్డం పట్టుకుని తల ఎడమకి తిప్పాడు. ప్రభుదాస్ చూశాడు. కుడికి తిప్పాడు. అదీ చూశాడు. "సారీ సార్," అన్నాడు.

"ఏ దళం మీది? ఎవరు పంపారు?"

ఈ ప్రశ్న రహమాన్‌కి వేశాడు. ఆ ఏడాది రహమాన్‌లాంటివాణ్ణి మిలిటరీ క్యాంపులో నిలబెట్టి ఏ దళం మీదని అడిగితే నవ్వులాట కాదు. ప్రభుదాస్‌కి అప్పుడు నిజంగా భయమేసింది, సిగ్గు కూడా వేసింది. తన ఇంటి గొడవలోకి ఈ మనిషిని లాగింది తనే. "దళం కాదు సార్, క్లబ్బు. అంతా కలిపి ముగ్గురం. ఈయన కోశాధికారి. తప్పు నాది," అని రహమాన్‌కి ముందు నిలబడ్డాడు.

దళపతి అప్పటికే వినడం మానేశాడు. రహమాన్ టోపీ బకిల్సు విప్పించి, తోలు రెక్కలు అటూ ఇటూ వంచి చూస్తున్నాడు. మైదానం నిండా గాడిదలు పరిగెడుతున్నాయి. "ఇన్నీ బెదిరాయి," అన్నాడు పక్కనున్న అధికారితో. "ఈ రెండే బెదరకుండా సీదా వచ్చాయి. కుట్టిందెవరు?"

చెబితే ఖాజావలిని పట్టుకుపోతారేమోనని ప్రభుదాస్ తటపటాయించాడు. చెప్పక తప్పలేదు. దళపతి రహమాన్ టోపీని తన దగ్గరే ఉంచుకుని, వాళ్ళని వదిలేశాడు. గేటు దగ్గర కాపలావాడు, "వెనక్కి చూడకుండా పో," అని గద్దించాడు. ప్రభుదాస్‌కి ఇంకో దారి ఎలాగూ లేదు.

గేటు బయట రహమాన్ బండి ఎక్కుతూ, "ప్రభుదాస్ భాయ్, నాకిక ఈ సవారీ వద్దు. దుకాణంల కూసుంట, ఎవ్వలూ ఏం అడుగరు," అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అనుంటేనే బాగుండేదనిపించింది ప్రభుదాస్‌కి. జకర్యా మాత్రం మేడ్చల్ దాటి పోయాక గానీ వెనక క్లబ్బు లేదని తెలుసుకోలేదు.

ఇల్లు దగ్గర పడుతుంటే ప్రభుదాస్ మనసు కొంచెం తేలికపడింది. ఏం జరిగినా ఒంటి మీద గీత పడలేదు. షరతు నెగ్గింది. టోపీ విప్పేవాళ్ళు లేరు, ఉన్నా ఆయన విప్పనిచ్చేవాడు కాదు. చెక్కు చెదరని సరంజామాతో సహా ప్రేమమణి తనని చూడాలి. బండి దిగి, ఛాతీ విరుచుకుని ఇంటి ముందుకి నడిచాడు.

"వచ్చారా? అయ్యో, ఇదేం వేషమండీ!" అని ఎడమవైపు నుంచి గొంతు వినిపించింది.

"చూడు ప్రేమా, ఒక్క గీత లేదు!" అంటూ ఆయన తల అటు తిప్పి ముందుకే అడుగు వేశాడు. గుమ్మం పక్కన రుబ్బురోలు ఉంది. పెళ్ళైన నాటి నుంచీ అక్కడే ఉంది. ప్రభుదాస్ దాని మీదుగా పడ్డాడు. తలకి ఏమీ కాలేదు, ఖాజావలి పనితనం అలాంటిది. మోకాళ్ళకీ మోచేతులకీ ఏమీ కాలేదు. తొడుగు లేని మణికట్టు విరిగింది.

కట్టు కట్టించుకుని వచ్చాక ఆయన వాదించాడు. "ఇది బండి మీద తగిలిన దెబ్బ గాదు ప్రేమా."

"బండి కోసం కట్టుకున్న గంతలేగా? అవి లేకపోతే రోలు కనపడేది కాదా?"

"ఆ రోలు..."

"సరే అన్నారు," అంది ప్రేమమణి. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి. ఆయన బండి తాళం ఆవిడ చేతిలో పెట్టాడు.

బండి కొనడానికి వచ్చింది ఖాజావలే. చేతిలో మిఠాయి పొట్లం ఉంది. దళపతి జీపులో కార్ఖానాకి వచ్చి, దళంలో ఉన్న గాడిదలన్నిటికీ గంతలు కుట్టమన్నాడట. "అంత మీ దయ సాబ్. ఇగ దినాం బొల్లారం పోవాలె, సరుకు మొయ్యాలె. రహమాన్ భాయ్ నడుపుడు నేర్పుతనన్నడు," అన్నాడు. ప్రేమమణి తాళంతోపాటు ఆ టోపీ కూడా తెచ్చి ఆయన చేతిలో పెట్టింది, ఇంట్లో ఉంటే చూడలేనని.

"నడిపేటప్పుడు తలకు జెర ఏమన్న పెట్టుకో ఖాజావలీ," అన్నాడు ప్రభుదాస్, కట్టు లేని చేత్తో బండి సీటు నిమురుతూ.

"నాకెందుకు సాబ్? నేనేమన్న బెదురుతనా?"

తరవాతి శనివారం సాయంత్రం ప్రేమమణి వంటింట్లోంచి, "పెట్రోలు..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. ఆదివారం చర్చి అయ్యాక ఇద్దరూ టాంగా ఎక్కారు. "తప్పు చేశామేమోనండీ," అందావిడ. ఆయన "సరే అన్నాం గదా," అన్నాడు, తప్పు ఆవిడది కాదని చెప్పాలనుకుని, ఎలా చెప్పాలో తెలియక. ముందుకే చూస్తూ ఉండిపోతే గుర్రం కళ్ళ పక్కన కొత్త గంతలు కనిపించాయి. తోలు ఎక్కడో చూసినట్టుంది. ముందుకి వంగి చూశాడు. ఎడమ రెక్క మీద మేకు పోట్లతో 'కార్యదర్శి' అని ఉంది. ఖాజావలి తోలు పారేసే మనిషి కాదు, టోపీ నుంచి కోసి తన ఎదురింటి టాంగావాడికి ఇచ్చేశాడు.

అంతలో వెనక నుంచి బాగా తెలిసిన చప్పుడు వచ్చింది. ఖాజావలి ఒట్టి తలతో, గాలికి గడ్డం ఎగురుతుండగా, సలాం కొట్టి వాళ్ళని దాటిపోయాడు. వెనక సీటు మీద, బురఖా అంచు ఒడిసి పట్టుకుని ఖమర్ బీ కూర్చుని ఉంది. టాంగావాడు తల తిప్పి చూశాడు. ప్రభుదాస్ చూశాడు. ప్రేమమణి ఆ చప్పుడు బొల్లారం రోడ్డు మీద పూర్తిగా వినపడకుండా పోయేదాకా చూసింది.

అటు చూడనిది గుర్రం ఒక్కటే.