భయానికి మార్కులు వేసే పట్టీ

పాఠకులారా, మీరు నన్ను తిట్టుకున్నా సరే, ఒక మాట చెప్పి తీరతాను. భయాన్ని కొలిచే పట్టీ కనిపెట్టినవాడికి దెయ్యాల కథలు రాసేవాళ్ళందరం కలిసి విగ్రహం పెట్టించాలి. ఆ విగ్రహం చేతికి కూడా ఒక పట్టీ తగిలించాలి.

నేను ఇరవై ఆరేళ్ళుగా జనాన్ని భయపెట్టి బతుకుతున్నాను. పంతొమ్మిది నవలలు, ఏడు సినిమాలు. ఇన్నేళ్ళలో ఎవరిని ఎంత భయపెట్టానో నాకు తెలిస్తే ఒట్టు. "మీ పుస్తకం చదివాక వారం రోజులు బాత్రూమ్ తలుపు ఓరగా తీసిపెట్టుకునే స్నానం చేశానండీ" అని ఒకావిడ ఉత్తరం రాస్తే పొంగిపోయాను. ఎంత అమాయకత్వం! ఆవిడ గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుందో ఉత్తరంలో లేనే లేదు. కొలత లేని భయం కూడా ఒక భయమేనా?

ఇప్పుడు ఆ అజ్ఞానం వదిలింది. నా కొత్త నవలని సినిమాగా తీస్తున్న కంపెనీవారు కథ వినడానికి కొత్త పద్ధతి పెట్టారు. మూడో అంతస్తులో ఏసీ గది, పొడుగాటి బల్ల, చుట్టూ పది కుర్చీలు. ఆఫీసులో చేతికి దొరికిన పదిమందిని తెచ్చి కూర్చోబెట్టి, ఒక్కొక్కరి మణికట్టుకి ఒక నల్ల రబ్బరు పట్టీ చుడతారు. నేను సీన్లు చదువుతుంటే వాళ్ళ గుండె వేగం గోడ మీది తెరపై పచ్చ గీతలై పరుగెడుతుంది. సీన్ పూర్తవగానే నూటికి ఇన్ని అని మార్కులు పడతాయి. నలభై దాటితే సీన్ ఉంటుంది, లేకపోతే పోతుంది. మిగతావి ఏమైపోయినా ముప్ఫై ఒకటో సీన్ ఒక్కటి నిలబడితే చాలనుకుని నేనూ సరేనన్నాను.

ఈ వ్యవహారమంతా చూసుకునే అమ్మాయికి నేను పెట్టుకున్న పేరు పట్టీలమ్మాయి. మంచి పిల్ల. నన్ను "సార్" అంటుంది, కథని "కంటెంట్" అంటుంది.

మొదటి రోజే నా కళ్ళు తెరుచుకున్నాయి. పదకొండు రోజులు కూర్చుని రాసిన సీన్ అది. ఖాళీ వసారాలో ఎవరో తడికాళ్ళతో నడిచి వస్తుంటారు, అడుగులు మాత్రమే కనిపిస్తుంటాయి. ఇరవై రెండు మార్కులు. సరిగ్గా మధ్యలో అకౌంటెంట్‌గారి ఫోన్ మోగింది. కూతురి స్కూలు నుంచి ప్రిన్సిపాల్. ఆయన గీత తెర అంచు దాటిపోయింది. తొంభై ఒకటి! నిర్మాతగారి బావమరిది వెంటనే బల్ల మీద చరిచాడు.

"బావా, దెయ్యాన్ని తీసేసి ప్రిన్సిపాల్ని పెడదాం."

పెట్టాం. మర్నాడు పట్టీలు విప్పకుండానే భోజనానికి వెళ్తుంటే లిఫ్ట్ అర నిమిషం ఆగిపోయి, లోపలున్న నలుగురికీ ఎనభై నాలుగు వచ్చింది. తొమ్మిదో సీన్ లిఫ్ట్‌లోకి మారింది. ఆ మర్నాడు హెచ్‌ఆర్ మేడమ్ తలుపు కొంచెమే తీసి, ఎవరినీ ప్రత్యేకంగా చూడకుండా "తర్వాత ఒకసారి నా రూమ్‌కి రండి" అని వెళ్ళిపోయింది. పది గీతలూ ఒకేసారి లేచాయి. అందుకని ఇప్పుడు మా దెయ్యం తెల్లచీర మానేసి చేతిలో ఫైలు పట్టుకుని తిరుగుతోంది. ఇరవై ఆరేళ్ళు స్మశానాలూ పాడుబడ్డ బంగళాలూ పట్టుకుని వేలాడిన నాకు, భయమంతా ఆఫీసులోనే ఉందని ఎవరు చెప్పారు? ఈ పట్టీయే కదా!

ఇక ముప్ఫై ఒకటో సీన్ సంగతి.

ఒక ఇంట్లో మూసిన గది. మధ్యాహ్నం పూట లోపల కుట్టు మిషన్ నడుస్తున్న చప్పుడు. తలుపు తీస్తే ఆగిపోతుంది, గదిలో ఎవరూ ఉండరు. మిషన్ మీద ఒక తెల్లచొక్కా ఉంటుంది. తలుపు తీసిన ప్రతిసారీ దానికి ఒక బొత్తాం కొత్తగా కుట్టి ఉంటుంది, నల్లదారంతో. కుట్టే మనిషికి చూపు ఆనదు మరి. ఆ ఇంటి కుర్రాడు మొదట హడలిపోతాడు. తర్వాత లెక్క అర్థమవుతుంది. ఆరు బొత్తాలూ పూర్తయితే ఆ చప్పుడు మళ్ళీ వినపడదు. ఐదోది కుట్టిన రోజు వాడు కత్తెర తెచ్చుకుని నేలమీద కూర్చుని, బొత్తాలన్నీ తనే కోసేస్తాడు.

దాచడం దేనికి, ఆ మిషన్ మా చిన్నమ్మది. నన్ను పెంచింది ఆవిడే. ఒకరోజు మధ్యాహ్నం ఫోన్ చేసి "నీ చొక్కాకి బొత్తాలు కుట్టేశాన్రా, వచ్చి పట్టుకుపో" అంది. నేను కథాచర్చలో ఉన్నాను. దెయ్యానికి కోరలు ఉండాలా, వద్దా అని హోరాహోరీగా నడుస్తోంది. "పనిలో ఉన్నా చిన్నమ్మా, రేపొస్తా" అన్నాను. ఆ సాయంత్రమే పోయింది. మర్నాడు వెళ్ళేసరికి చొక్కా మడతపెట్టి మిషన్ మీద ఉంది. ఆరు బొత్తాలూ ఉన్నాయి. కోరలు వద్దని తేలింది, అది వేరే విషయం.

సీన్ చదివాను. ఈసారి ఎవరి ఫోనూ మోగలేదు. రిసెప్షనిస్టు గోడవైపు తిరిగి కూర్చుంది. కంపెనీ డ్రైవర్ తల దించుకున్నాడు. తెర మీద గీతలు కిందికి, ఇంకా కిందికి దిగి, గదిలోకి వచ్చినప్పటికన్నా తక్కువలో ఆగాయి. ఆరు మార్కులు.

"అందరి గుండెలూ స్లో అయ్యాయి సార్. అంటే రిలాక్స్ అయిపోయారన్నమాట" అంది పట్టీలమ్మాయి.

"ముసలావిడ బొత్తాలు కుడితే భయమేంటండీ? కొరికి మన మీద ఉమ్మితే భయం" అన్నాడు బావమరిది.

నిర్మాతగారు మర్యాదస్తుడు. నా భుజం మీద చెయ్యేసి, "మీరంటే మాకు గౌరవమేనండీ. పట్టీ ఒప్పుకోవట్లేదు, మేమేం చేస్తాం?" అన్నారు. అందరిలోకీ తక్కువ వచ్చింది డ్రైవర్‌కి, నాలుగు. మెట్ల దగ్గర నా వెనకాలే వచ్చి, "ఆ మిషన్ ఇప్పుడెక్కడుంది సార్?" అని అడిగాడు. మా ఇంట్లోనే ఉందన్నాను. ఇంకేమీ అడగకుండా కారు దగ్గరికి వెళ్ళిపోయాడు.

సీన్ పోయింది. దాని స్థానంలో ప్రిన్సిపాల్ ఇంకోసారి ఫోన్ చేస్తాడు. నేను బాధపడలేదు. సైన్సు మీద అలుగుతామా? పైగా కంపెనీవారు నాకో పట్టీ బహుమానంగా ఇచ్చారు. ఇంట్లో పెట్టుకుని రాసుకుంటే నా మార్కులు ఎప్పటికప్పుడు ఆఫీసుకి చేరిపోతాయట. ఇంతకన్నా అదృష్టం ఏ రచయితకి పట్టింది?

మొన్న ఆదివారం మధ్యాహ్నం ఆ పట్టీ పెట్టుకునే హాల్లో కూర్చున్నాను. మా ఆవిడ ఉతికిన బట్టలు మడతపెడుతూ ఒక చొక్కా ఎత్తి చూపించింది.

"ఏమండీ, ఈ నెలలో ఇది ఐదోది. ఒక్క బొత్తామూ లేదు."

"వాషింగ్ మిషన్‌లో ఊడిపోయుంటాయి" అన్నాను.

"మన వాషింగ్ మిషన్‌కి కత్తెర పట్టుకోవడం ఎప్పుడొచ్చిందో?"

నేను పేపరు తిరగేశాను. ఆవిడ మూసి ఉన్న మిషన్ గదివైపు చూసింది. చొక్కా పక్కన పెట్టి, వచ్చి నా పక్కన కూర్చుంది.

"చిన్నమ్మగారు రారండీ" అంది, మెల్లగా.

సోమవారం పది గంటలకల్లా పట్టీలమ్మాయి ఫోన్ చేసింది.

"కంగ్రాట్స్ సార్! నిన్న రెండూ నలభైకి మీ పట్టీలో తొంభై ఎనిమిది వచ్చింది. ఇంతవరకూ ఎవరికీ రాలేదు. ఏం సీన్ సార్ అది?"

"సీన్ కాదమ్మా. మా ఆవిడ ఏదో ఒక మాటంది, అంతే."

"ఒక్క డైలాగ్‌కే అంత వచ్చిందా? చెప్పండి సార్, ఎలాగైనా వాడుకుందాం."

చెప్పాను. అటువైపు టైపు చేస్తున్న చప్పుడు కాసేపు వినిపించి ఆగింది.

"ఇందులో దెయ్యం రాదు కదా సార్?"

"రాదమ్మా."

"రాకపోతే భయమెందుకు సార్? మీ పట్టీ పాడైనట్టుంది. కొత్తది పంపిస్తాను."

అన్నమాట ప్రకారం నిన్న పంపింది. అదీ బాధ్యతంటే! పాతది వెనక్కి ఇచ్చేసి, మధ్యాహ్నం కొత్తది పెట్టుకుని మిషన్ గది తలుపు తీశాను. కుర్చీ లాక్కుని గంటసేపు కూర్చున్నాను. బొత్తాలు లేని చొక్కా మిషన్ మీద నేను పెట్టినచోటే, పెట్టినట్టే ఉంది. పట్టీ నాకు ఆరు మార్కులు వేసి, నేను చాలా ప్రశాంతంగా ఉన్నానని చూపించింది. కొత్తది కదా, బాగా పనిచేస్తోంది.