ఇరవై ఏడేళ్ల తదితరులు

ధన్... ధన్... ధనాధన్. ఆ దరువు మీదుగా ఒక గొంతు:

"నీళ్లున్న కాడ బోరు లేదు,
బోరున్న కాడ నీళ్లు లేవు..."

మేళ్లచెరువు ఫంక్షన్ హాలు గేటు దాటుతున్న ప్రణీతకు ముందుగా వినిపించింది ఇదే. మనిషి కనిపించలేదు. ఇందులో వింతేమీ లేదు. 'సున్నపురాయి' రాక్ బ్యాండులో డ్రమ్ములు వాయిస్తూ పాడే కళాకారుడు వినిపించడమే గానీ, కనిపించడం ఇరవై ఏడేళ్లుగా ఆచారంలో లేదు.

కారణాలు శాస్త్రీయమైనవి. డ్రమ్ములు పెద్దవి, మనిషి చిన్నవాడు. డ్రమ్ములు వెనుక ఉంటాయి, జనం ముందు ఉంటారు, మధ్యలో గిటారుతో నాగేందర్ ఉంటాడు. నాగేందర్‌కు భుజాల దాకా జుట్టుంది, ఎదుట ఒక మైకుంది. ఆ మైకు ఎక్కడికీ కలిపి ఉండదు. గిటారు మీటుతూ పాడడం తన వల్ల కాదని మొదటి కచేరీలోనే తేలింది గానీ, అప్పటికే గాయకుడిగా అతని ఫొటోలు అచ్చయిపోయాయి. కనుక పాట వచ్చినప్పుడు నోరు తెరుస్తాడు, పాట ఆగినప్పుడు మూస్తాడు. అంతకు మించి ఏనాడూ అబద్ధమాడలేదు. ఆ గొంతు ఎవరిదని ఎవరూ అడగలేదు.

పత్రికలు కూడా తమ వంతు న్యాయం చేశాయి. 'నాగేందర్ తదితరులు అలరించారు' అని రాశాయి. కోదాడ కాలేజీ వార్షికోత్సవం మొదలు హుజూర్‌నగర్ వినాయక నిమజ్జనం దాకా ప్రతి వార్తలోనూ మన డ్రమ్మరు ఉన్నాడు, తదితరుల్లో. ఒంటరివాడై ఉండి బహువచనంలో గౌరవం పొందిన కళాకారుడు ఈ ప్రాంతంలో మరొకరు లేరు.

ఈ రహస్యం ప్రణీతకు తెలియడానికి ఆమె సిగ్గే కారణం. జనంలో నిలబడాలంటే ఆమెకు వణుకు. అందుకని బడి రోజుల నుంచీ ప్రతి కచేరీనీ వేదిక వెనుక నుంచే చూసింది. వెనుక నుంచి చూసేవాళ్లకు నిజం కనిపిస్తుంది. రెండు చేతులు, రెండు కాళ్లు నాలుగు దిక్కులకు పరుగెత్తుతుంటే, గొంతు మాత్రం గట్టు మీద కూర్చున్న రైతులా నింపాదిగా పాడేది. చివరి చరణానికి ముందు ఒక్క దెబ్బ ఆపేవాడు. ఆ ఒక్క దెబ్బ సేపు వేయిమంది ఊపిరి బిగబట్టేవారు. తాము ఎవరి కోసం ఊపిరి బిగబట్టారో వారికి తెలియదు.

డ్రమ్మరు కుడి భుజం అరిగిపోయిందని, ఈ చివరి కచేరీ తర్వాత ఇక డ్రమ్ము పుల్లలు పట్టొద్దని దవాఖానలో తేల్చి చెప్పారు. వెంటనే వీడ్కోలు సన్మాన కమిటీ ఏర్పడింది. సభ్యులు నలభై ఒక్కరు. సన్మాన పత్రం రాసే పని, తెలుగు బాగా వస్తుందన్న నేరానికి, ప్రణీత మీద పడింది. ఆమె పది రోజులు కూర్చుని ముప్పై వాక్యాలు రాసింది. నలభై ఒక్క పేర్లూ పట్టాలి గనుక కమిటీ వాటిని మూడు వాక్యాలకు కుదించింది. ఆ కుదింపులో డ్రమ్మరు పేరు రాలిపోయింది.

"పేరు లేదు సార్," అన్నది ఆమె, ఇవాళ హాల్లోకి రాగానే కమిటీ అధ్యక్షుడు అమరేందర్ దగ్గర, నేల చూస్తూ.

"ఎవలది? నలభై ఒక్కటి నేనే లెక్కవెట్టిన గదా!"

"డ్రమ్ముల అన్న పేరు."

"ఓ, గాయిన పేరు ఎరుక లేనోడెవడమ్మా? అందరికి ఎరుకైనదానికి జాగ ఎందుకు ఖరాబు జేసుడు?"

అయితే ఆ పేరేమిటో చెప్పండి అన్న ప్రశ్న ఆమె పెదవుల దాకా వచ్చి వెనుదిరిగింది. ఆమె సిగ్గు వల్ల కమిటీకి గొప్ప ఇబ్బంది తప్పింది.

వేదిక వెనుకకు వెళ్లి డ్రమ్మరుకే చెప్పింది. ఆయన నవ్వాడు.

"పోనీ తియ్ చెల్లె. దరువుకు పేరెందుకు?" అని, తెర సందులోంచి మొదటి వరుస చూపించాడు. "గాడ కూసున్నది మా అమ్మ, నర్సింగమ్మ. చప్పుడుకు తలకాయ నొస్తదని ఇన్నేండ్లు ఒక్క ప్రోగ్రాముకు రాలే. ఇయ్యాల్నే వచ్చింది. నేను డబ్బాలు గొట్టుడే అనుకుంటది. పాట నాదే అంటే, 'పోరా, గది నాగేందర్ గొంతు' అంటది. నేను జెప్తే నమ్మది. పదిమందిల ఎవలన్న అంటే సాలు."

సభ మొదలైంది. ముఖ్య అతిథి రాక్ అంటే రాయి అని సరిగ్గానే గ్రహించి వచ్చారు.

"రాయి లేనిదే సిమెంటు లేదు! సిమెంటు లేనిదే ఇల్లు లేదు! అలాంటి రాయిని కొట్టీ కొట్టీ భుజం అరగదీసుకున్న ఈ కార్మిక సోదరుణ్ణి సన్మానించుకోవడం మన అదృష్టం!"

చప్పట్లు మోగాయి. శాలువా ముందున్న నాగేందర్ భుజాల మీద పడింది. పాపం, అతడు "ఎనక, ఎనక" అని చేయి చూపించాడు. ఫొటోగ్రాఫరు వినయంగా నాలుగడుగులు వెనక్కి వెళ్లాడు.

పాఠక మహాశయులు నవ్వుకుంటున్నారు. నవ్వాల్సిందే. ఇంతదాకా వచ్చి, ఆయన పేరేమిటని మీరూ అడగలేదు. తమరికీ ఎరుకే అయి ఉంటుంది.

చివరికి సన్మాన పత్రం చదవమని ప్రణీతను పిలిచారు. ఆమె మొట్టమొదటిసారి వేదిక ముందుకు వచ్చింది. నలభై ఒక్క పేర్లూ చదివింది. కాగితం అయిపోయింది.

మొదటి వరుసలోంచి నర్సింగమ్మ లేచింది. "అందరి పేర్లు సదివినవ్ గని బిడ్డా, నాగేందరేమో ఎనక, ఎనక అనవట్టె, మరి గా పాటలు పాడినోని పేరేంది?"

కమిటీ సభ్యులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నలభై ఒక్క ముఖాల్లో ఎక్కడా ఆ పేరు దొరకలేదు. అమరేందర్ వెనక్కి తిరిగి ఫ్లెక్సీ చదవసాగాడు.

ప్రణీత కాగితం మడిచింది. ఒక్క దెబ్బ సేపు ఆగింది. హాలంతా ఊపిరి బిగబట్టింది.

"నీ కొడుకే అవ్వా," అన్నది, గోడలకు తగిలేటంత గట్టిగా. "గుండెబోయిన దశరథ్."