రచయితకు తగిన గౌరవం

ఆ మంగళవారం అరబా క్వాన్సా వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. పదింటికి ఎవరో తనిఖీ అధికారి వస్తారు. అప్పటికి నలభైమంది విద్యార్థుల చేతుల్లోనూ గణాంకశాస్త్రం పుస్తకం ఉండాలి. లేకపోతే సాల్ట్‌పాండ్ కాలేజీలో ఆ కోర్సు మూతపడుతుంది, దాంతోపాటు ఆమె ఉద్యోగమూ.

బజారులో దొరికే పుస్తకం ఎవరూ కొనలేరు. నెలరోజులు ఇంటర్నెట్ గాలించి ఒక పాత పుస్తకం పట్టింది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, తన పేరు చెబితే చాలు అని రచయితే దాన్ని అక్కడ పెట్టాడు. అందులోని కోకో తోటల లెక్కలు తీసేసి, అరబా తమ ఊరి చేపల లెక్కలు పెట్టింది. ముందురోజే ఫైలు పంపి, ప్రెస్సు ఎబోకి ఫోన్ చేసింది.

"డాక్టర్ సెలోమ్ అగ్బెకో. పేరూ ఫోటో అట్టమీద పెద్దగా, గౌరవంగా వెయ్యి. మహానుభావుడు, అంతా మనకి వదిలేశారు!"

"అయ్యో, మరీ చిన్న వయసక్కా!" అన్నాడు ఎబో, ముప్ఫై ఏళ్ళనాటి ఆ ఫోటో చూసి.

"అవును, రాసినప్పుడు చిన్నవారే."

"మీరు బెంగపడకండి. ఇలాంటివి వారానికి పది వేస్తాను."

అతను వారానికి పది వేసేవి చావు పోస్టర్లు.

పుస్తకాలు తొమ్మిదింటికి నేరుగా క్లాసుకే చేరాయి. అధికారి కోసం కెంకే అనే మొక్కజొన్న ముద్దలు, వేయించిన చేప తేవడానికి వెళ్ళిన అరబా తిరిగొచ్చేసరికి, క్లాసంతా సంతాపానికి గుర్తుగా చేతులకు ఎర్రగుడ్డలు కట్టుకుని ఉంది. పుస్తకం అట్టకు నల్లంచు. మధ్యలో నవ్వుతున్న రచయిత. పైన చావు పోస్టర్లమీద వేసేలాగే పెద్ద అక్షరాల్లో "ఎంత ఘోరం!" దానికిందే "సులభ గణాంకశాస్త్రం."

"ఆయన పోలేదు మేడమ్!" అని అరబా క్లాసు ముందు నిలబడ్డ ప్రిన్సిపాల్ మిసెస్ డాడ్జీ దగ్గరికి పరుగెత్తింది.

"మొదట్లో అలాగే అనిపిస్తుందమ్మా. మా ఆయన పోయినప్పుడు నేనూ ఒప్పుకోలేదు. ఏడ్చెయ్యి."

"ఎందుకేడవాలి? ఆయనెవరో కూడా నాకు తెలీదు!"

"మతి కూడా చలించింది, పాపం," అని ప్రిన్సిపాల్ ఆమె తల నిమిరింది.

అప్పుడే అధికారి వచ్చేశారు. బట్టతల, చేతికర్ర. ప్రిన్సిపాల్ పెదవిమీద వేలుంచి ఆయన్ని ముందు వరుసలో కూర్చోబెట్టింది.

"ఎవరు పోయారు?" అని ఆయన మెల్లగా అడిగారు.

"మా పుస్తకం రాసినాయనండీ," అంది ప్రిన్సిపాల్.

ఎసువా అనే అమ్మాయి లేచి కళ్ళు తుడుచుకుంది. "ఆయన్ని మేం చూడలేదు. కానీ మా అమ్మ పొగబెట్టే చేపల్ని లెక్కల్లోకి తెచ్చింది ఆయనే. సగటంటే ఏంటో నాకు ఇందాకే తెలిసింది."

"చేపలా? కోకో కదూ?"

"మీకెలా తెలుసండీ?"

"రాసింది నేను కనక."

వెనక బెంచీలో ఎవరో "యేసయ్యా!" అని కేక పెట్టారు. ప్రిన్సిపాల్ తన ఎర్రగుడ్డ విప్పి వీపు వెనక దాచుకుంది. అరబా ముందుకొచ్చింది.

"కోకో తీసి చేపలు పెట్టింది నేనేనండీ. మిమ్మల్ని చంపింది మాత్రం నేను కాదు."

ఆయన పుస్తకం అందుకున్నారు. ఒక్కో పేజీ తిప్పి చూశారు. పది నిమిషాల తర్వాత కళ్ళజోడు తీశారు.

"దీన్ని ఉచితంగా పెట్టి తొమ్మిదేళ్ళయింది. తీసుకున్నవాళ్ళు బోలెడు. తమ పిల్లలకోసం మార్చి వాడినవాళ్ళని ఇవాళే చూస్తున్నా." తర్వాత ఎసువా వైపు తిరిగారు. "నువ్వు ఆపావేంటమ్మా? నా గురించి ఇంకా ఏదో చెప్పబోయావు."

వారం తర్వాత కోర్సు ఆమోదపత్రం వచ్చింది. రెండో ముద్రణలో రచయిత బతికి ఉండాలని మాత్రం కింద చేతిరాతతో రాసి ఉంది.