పందొమ్మిది సొంత సర్వర్లు, ఒక ఆంబులెన్సు

"ఇక మీదట ఈ శాఖలో ప్రతి పెద్ద అధికారికీ ఒక సొంత సర్వర్! ఒకరి సర్వర్ మీద ఇంకొకరు ఆధారపడే బానిసత్వం నేటితో సరి!" అని మంత్రిగారు బుధవారం ఉదయం పదకొండు గంటలకు వేదిక మీద ప్రకటించారు. చప్పట్లు మోగుతుండగా మంచినీళ్లు తాగి, ఇంతకీ మన దగ్గర సర్వర్లు ఎన్ని ఉన్నాయని పక్కనున్న డైరెక్టర్ గారిని మెల్లిగా అడిగారు. మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది.

"ఒకటి సార్" అన్నారు డైరెక్టర్ గారు.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, మంత్రిగారు చలించలేదు. "ఒకటి ఉంది. అందులోంచే మిగతావి పుడతాయి" అన్నారు. దానికి ఇంకా పెద్ద చప్పట్లు పడ్డాయి.

ఆ ఒక్క సర్వర్ ఆఫీసు మూడో అంతస్తులో, మెట్ల పక్క గదిలో ఉంది. దాన్ని కనిపెట్టుకుని ఉండే ఆవిడని అందరూ స్వెటరమ్మ అంటారు. ఆ గదిలో ఏసీ ఏడాది పొడుగునా పద్దెనిమిది మీదే ఉంటుంది గనుక మండుటెండల్లో కూడా ఆవిడ బూడిదరంగు స్వెటర్‌తోనే తిరుగుతుంది. మనిషి నెమ్మదస్తురాలే. లెక్క తప్పితే మాత్రం ఆవిడకి ఒళ్లు మండుతుంది, అంత చలిలోనూ.

మధ్యాహ్నానికల్లా మంత్రిగారు ఆ గదికి వచ్చి, చేతులు చంకల్లో పెట్టుకుని, "ఒకటి ఇరవై అవుతుందా అమ్మా?" అని అడిగారు.

"అవుతుంది సార్. ఒకే ఇంటిని వాటాలు వేసినట్టే. ఎవరి వాటా వాళ్లకి సొంత ఇల్లులానే కనిపిస్తుంది. మెమరీ అంటే చోటు, అది రెండువందల యాభై ఆరు జీబీ ఉంది. ప్రాసెసర్లంటే పనిచేసే చేతులు, అవి ముప్పై రెండు. ఎవరికెంత చోటు, ఎన్ని చేతులు అని ముందే లెక్కేసుకుని పంచుకోవాలి."

"ఉన్నదాని కంటే ఎక్కువ పంచితే?"

"పంచొచ్చు సార్. దాన్ని ఓవర్‌కమిట్ అంటారు. అందరూ ఒకేసారి వచ్చి ఏదీ మా చోటని అడగనంత వరకూ ఏ గొడవా ఉండదు."

మంత్రిగారు ఆ యంత్రాన్ని చాలా గౌరవంగా చూశారు. "ముప్పై ఏళ్లుగా నేను చేస్తున్నది ఇదే. దీనికో పేరుందని ఇవాళే తెలిసింది" అన్నారు.

స్వెటరమ్మ నెల రోజులు కొలతలు తీసింది. పొడుగాటి నోటు పుస్తకంలో రెండు గళ్లు గీసింది: ఒకదాని మీద 'అడిగింది', రెండో దాని మీద 'కావలసింది'. ఎవరికి ఏ పని ఉంది, ఏ వేళకి ఎంత పడుతుంది అన్నీ రాసింది. అధికారుల్లో ఎవరికీ నాలుగు జీబీకి మించి అక్కర్లేదని తేలింది. నిజంగా కావలసింది ఆ సర్వర్‌లోనే ఒక వాటాలో నడిచే ఆంబులెన్సు మెషీన్‌కే. ఊళ్లో ఎవరికి ప్రాణం మీదికొచ్చినా ఫోను మోగేది అందులోనే. ఫోను ఎత్తి, ఇల్లెక్కడో పట్టుకుని, దగ్గర్లో ఉన్న బండికి కబురందించేది అదే. దానికి ఎనిమిది జీబీ, నాలుగు చేతులు, ఎవరూ ముట్టుకోకుండా విడిగా రిజర్వు చేయాలని ఎర్ర సిరాతో గీత గీసి రాసింది. ఆవిడ భర్త ఆ బండ్లలోనే ఒకదానికి డ్రైవరు. అందుకే ఎర్ర సిరా వాడిందని ఎవరైనా అంటే కాదనేది కాదు.

పుస్తకం పైకి వెళ్లి వారం తర్వాత తిరిగొచ్చింది. 'కావలసింది' అన్న గడిని ఎవరో నిలువునా కొట్టేసి, 'హోదా' అని రాశారు.

మంత్రిగారికి నూట ఇరవై ఎనిమిది. డైరెక్టర్ గారికి అరవై నాలుగు. ఆరుగురు జాయింట్ డైరెక్టర్లకు తలా ముప్పై రెండు. పదకొండు మంది డిప్యూటీలకు తలా పదహారు. ఆంబులెన్సు మెషీన్ చూసేవాళ్లు కాంట్రాక్టు మనుషులు, వాళ్లకు హోదా అంటూ ఏదీ లేదు గనుక దానికి నాలుగు, అదీ ఖాళీగా ఉంటేనే.

స్వెటరమ్మ పుస్తకం పట్టుకుని డైరెక్టర్ గారి దగ్గరికి వెళ్లింది.

"సార్, మీ మెషీన్‌లో ఏం పని ఉంటుంది?"

"పనా? పని సంగతి ఎవరడిగారమ్మా? జాయింట్లకి ముప్పై రెండు ఇచ్చాక నాకు అరవై నాలుగు లేకపోతే రేపు వాళ్లు నా మాట వింటారా?"

"ఆంబులెన్సుకి నాలుగు చాలదు సార్."

"అది ఎప్పుడో ఒకసారి మోగుతుంది. నేను రోజూ వస్తాను" అన్నారు డైరెక్టర్ గారు. అందులో అబద్ధమేమీ లేదు.

ఈలోగా జాయింట్లలో పెద్దాయన ఆయాసపడుతూ మూడంతస్తులు ఎక్కి వచ్చారు. సర్వీసులో తాను మిగతా అయిదుగురి కంటే మూడు రోజులు సీనియర్ననీ, తనకీ వాళ్లకీ సమానంగా ముప్పై రెండేమిటనీ నిలదీశారు. స్వెటరమ్మ ముప్పై మూడు చేసింది. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "ఈ ఆఫీసులో నన్ను గుర్తించింది మీరొక్కరే" అని వెళ్లిపోయారు.

అంతా కూడితే అయిదువందల అరవై అయిదు తేలింది. ఉన్నది రెండువందల యాభై ఆరు.

రెండు నెలలు పథకం దేదీప్యమానంగా నడిచింది. కారణం చిన్నదే: పందొమ్మిది మందిలో ఒక్కరూ తమ సర్వర్ తెరవలేదు. మంత్రిగారి నూట ఇరవై ఎనిమిదిలో మంత్రిగారి ఫొటో ఒకటి, గోడగడియారం బొమ్మ ఒకటి ఉండేవి. గడియారం గంట ఆలస్యంగా నడిచేది. ఖాళీ ఇళ్ల మధ్య ఆంబులెన్సు మెషీన్ దర్జాగా కాళ్లు చాపుకుని పనిచేసుకునేది. స్వెటరమ్మ కూడా పోనీలే అనుకుంది.

అప్పుడు ఒక పత్రికలో 'సొంత సర్వర్లు నిద్రపోతున్నాయి' అని నాలుగు లైన్ల వార్త పడింది. పత్రికలవాళ్లకు మరో పని ఉండదు కదా. మంత్రిగారు వెంటనే 'వినియోగ వారం' ప్రకటించారు. సోమవారం నుంచి ఎవరి మెమరీ వాడకుండా ఖాళీగా కనిపిస్తే వాళ్లది వెనక్కి తీసుకుంటారు. తొంభై శాతం దాటి వాడిన వారికి షీల్డు ఇస్తారు.

ఇచ్చిన హోదా వెనక్కి పోతుందంటే ఎవరు ఊరుకుంటారు? సోమవారం పది గంటలకల్లా ఆఫీసు మొత్తం, ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఎన్నడూ లేనంత పనిలో మునిగిపోయింది. డైరెక్టర్ గారు ఒకే ఫైలును నాలుగువందల సార్లు తెరిపించారు. ఒక డిప్యూటీ తన కుక్కపిల్ల వీడియోను అరవై కిటికీల్లో ఒకేసారి ఆడించారు. ముప్పై మూడు జీబీల పెద్దాయన పదిహేడో ఎక్కం మొదలుపెట్టించారు, ఎక్కడా ఆపవద్దని చెప్పి.

స్వెటరమ్మ పరుగెత్తుకుంటూ డైరెక్టర్ గారి గదికి వెళ్లింది. "సార్, చోటు లేదు! ఒక్క పది మంది ఆపినా చాలు."

"నూరు శాతం అయ్యిందా?"

"నూరు దాటింది సార్!"

"శభాష్!" అన్నారు డైరెక్టర్ గారు. "ఎంత దాటిందో రాసి పెట్టండి."

పదకొండూ పదికి సర్వర్ ఊపిరాడక మెమరీలోవన్నీ నత్తనడక నడిచే డిస్కు మీదికి తోసి, అక్కడ వెతుక్కోవడం మొదలుపెట్టింది. హోదా ఉన్న మెషీన్లకు ముందు వంతు. హోదా లేనిది ఆగిపోయింది. పదకొండు నిమిషాలు ఆంబులెన్సు కోసం వచ్చిన ఏ ఫోనూ ఎవరూ ఎత్తలేదు.

సాయంత్రం ఆవిడ భర్త ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మం దగ్గరే కూలబడ్డాడు.

"రెండు వీధుల అవతలే ఉన్నానే. బండి స్టార్టు చేసి పెట్టుకునే కూర్చున్నా. కబురు రాందే కదలకూడదు కదా. ఒక దర్జీ ముసలాయనకి గుండెల్లో నొప్పి. పక్కింటివాళ్లు ఫోను చేసీ చేసీ, చివరికి కూరగాయల తోపుడు బండి మీద పడుకోబెట్టి తోసుకుపోయారు. నా ముందు నుంచే పోయారు. వాళ్లెవరో నాకు తెలీదు, నేను అక్కడున్నది వాళ్లు చూళ్లేదు."

"ఎలా ఉన్నారు ఆయన?"

"బతికాడు. తోపుడు బండివాడి కాళ్లు గట్టివి కాబట్టి బతికాడు. అంతసేపు నీ గదిలో ఏం జరుగుతోంది?"

"పదిహేడో ఎక్కం" అంది స్వెటరమ్మ.

ఆవిడకి సిగ్గేసింది, ఆ వెనకే జన్మలో రానంత కోపం వచ్చింది. ఎర్ర సిరాతో గీత గీసిన మనిషి దాన్ని కొట్టేస్తుంటే చూస్తూ ఊరుకోవడమేమిటని తనను తానే తిట్టుకుంది.

మర్నాడు ఆఫీసు తెరిచీ తెరవగానే ఆవిడ పందొమ్మిది సొంత సర్వర్లనూ ఒక్కొక్కటిగా ఆర్పేసింది. వాటి స్థానంలో, ఎవరి తెర మీద వాళ్లకి, నలభై లైన్ల చిన్న ప్రోగ్రాం పెట్టింది. అది చేసే పనల్లా ఒక్కటే: ఒక పచ్చగీతను పైకీ కిందికీ ఆడిస్తూ 'వినియోగం 98%' అని చూపించడం. ఆంబులెన్సు మెషీన్‌కి అరవై నాలుగు జీబీ, పదహారు చేతులు ఇచ్చేసింది. ఫోను రెండో రింగుకే పలకసాగింది.

ఆ వారం పందొమ్మిది మందికీ షీల్డులొచ్చాయి. కొత్త సర్వర్ వేగం మునుపటికంటే బాగుందని డైరెక్టర్ గారు మెచ్చుకున్నారు.

ముసళ్ల పండగ ముందుందని స్వెటరమ్మకి తెలియదు. సమీక్షలో మంత్రిగారు పట్టిక చూసి కనుబొమలు ముడిచారు. "అందరూ తొంభై ఎనిమిది ఉంటే, ఈ పదకొండు శాతం ఎవరిది?"

"ఆంబులెన్సుది సార్. దానికి చోటు సరిపోయింది కాబట్టి అలా కనిపిస్తోంది..." అని స్వెటరమ్మ చెప్పబోయింది.

"అంటే నూటికి ఎనభై తొమ్మిది పాళ్లు సోమరితనం. ఇలాంటి వాటిని ప్రజల నెత్తిన రుద్దను. రేపు పదింటికి నా చేత్తోనే తొలగిస్తాను. కెమెరాలు పిలవండి."

స్వెటరమ్మ పదకొండేళ్లుగా ఆ మెట్లు ఎక్కుతున్న మనిషి కదా, ఆ ఆఫీసులో ఎవరూ లోపలికి తొంగిచూడరనీ, పేరు మాత్రమే చదువుతారనీ ఎరుగును. సాయంత్రం ఇంటికి పోయేముందు రెండు పేర్లు అటూ ఇటూ మార్చింది.

మర్నాడు కెమెరాల వెలుగులో మంత్రిగారు 'ఆంబులెన్సు' అనే పేరు మీద మీట నొక్కి, తమ ఫొటోనూ గంట ఆలస్యంగా నడిచే తమ గడియారాన్నీ శాశ్వతంగా తొలగించారు. 'మంత్రిగారి సొంత సర్వర్' మాత్రం పేరుతో పాటు వచ్చిన నూట ఇరవై ఎనిమిది జీబీలతో, ఎవరూ ముట్టుకోకూడదన్న ఉత్తర్వుతో, ఊళ్లో వాళ్ల ఫోన్లు ఎత్తుతూ కూర్చుంది. ఆంబులెన్సులు ఇంకా ఎలా తిరుగుతున్నాయని ఎవరికీ అనుమానం రాలేదు. అవి మొదటి నుంచీ ఎలా తిరుగుతున్నాయో ఎవరికైనా తెలిస్తే కదా.

ఆ తర్వాత ఎన్నికలొచ్చాయి. మంత్రిగారు ఓడిపోయారు. కొత్త మంత్రిగారు ప్రమాణం చేసిన మూడో రోజున చేతులు చంకల్లో పెట్టుకుని ఆ గదిలోకి వచ్చారు.

"ఇందులో పాతాయనది ఏది? ముందు దాన్ని పీకెయ్యండి."

స్వెటరమ్మ స్వెటర్ కింద చెమట పట్టింది. ఇక దాచడానికి పేర్లు కూడా మిగల్లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పేద్దామనుకుంది.

"తీసేస్తే కష్టం సార్. అది జనం పిలిస్తే పలుకుతుంది. రెండో రింగుకే."

"రెండో రింగుకేనా?"

"అవును సార్. పగలూ రాత్రీ. ఎవరు పిలిచినా."

కొత్త మంత్రిగారు ఒకడుగు వెనక్కి వేశారు. "ఓడిపోయాడంటే ఓడిపోడూ మరి!" అన్నారు. "సరే, ఆ అలవాటు ఆయన పేరు మీదే ఉండనివ్వండి. నాకంటించకండి." ఆ తర్వాత గదిలోని తెర మీద మిగతా సొంత సర్వర్ల వైపు చూశారు. పచ్చగీతలు వరసగా పైకీ కిందికీ ఆడుతున్నాయి. "ఇవేం చేస్తాయి?"

"ఏమీ చేయవు సార్. ఎప్పుడు చూసినా తొంభై ఎనిమిది శాతం పనిచేస్తున్నట్టు కనిపిస్తాయి."

మంత్రిగారి ముఖం వికసించింది. కుర్చీ లాక్కుని తెర ఎదురుగా కూర్చున్నారు.

"పాతాయనకి ఎంతిచ్చారు?"

"నూట ఇరవై ఎనిమిది సార్."

"అయితే నాకు అలాంటిది నూట ఇరవై తొమ్మిది ఇవ్వండమ్మా. శాతం కూడా తొంభై తొమ్మిది చెయ్యండి."