వంజరం మరణించిన సమయం

అల్పపీడనం నాలుగో రోజుకీ కదల్లేదు. పడవలన్నీ ఒడ్డు మీదే ఉన్నాయి. తెగించి వెళ్లిన ఒకే ఒక్క పడవ తెల్లవారి తెచ్చిన చేపలో ఒక గంప లక్ష్మణమ్మకు దక్కింది. మధ్యాహ్నంలోపు అమ్ముడైతే ఆ ఇంటికి వారం గడుస్తుంది. అమ్ముడవకపోతే ఐసు లేదు, ఎండబెట్టుకుందామంటే ఎండా లేదు.

కూతురు హేమ ఆలోచన వేరే ఉంది. డిటెక్టివ్ కథల పోటీకి ఆ రాత్రే ఆఖరు గడువు. నెల రోజులుగా ఫోన్‌లో దొరికిన సాయమంతా తీసుకుంది. ఒక సైటు హంతకులకు పేర్లు పెట్టిపెడుతుంది. ఇంకొకటి అనుమానితుల పట్టిక ఉచితంగా ఇస్తుంది. అన్నిటికంటే ఆమెకు నచ్చింది ఒక రిటైర్డు డాక్టరు పాఠం. "చూడనిది రాయకండి. శవం కళ్లు చూడండి, ఒళ్లు నొక్కి చూడండి, మరణించిన సమయం వేసుకోండి. కనీసం పది శవాలు పోల్చండి" అన్నాడాయన.

హేమకు శవాలెక్కడ దొరుకుతాయి? అమ్మ గంపలో నలభై ఉన్నాయి.

శ్రీకూర్మం రోడ్డు మీది చేపల బజారులో గంప దించి లక్ష్మణమ్మ టీకి వెళ్లగానే హేమ నోటుపుస్తకం తీసింది. 'మృతురాలు 1: వంజరం. కళ్లు తేట. ఒళ్లు బిగుసుకుంది. మరణం: తెల్లవారుజాము నాలుగు.' అలా వరసగా నలభైకీ రాసింది.

పక్క గంప జగ్గమ్మ మెడ సాచింది. "ఏటే, సేపకి జాతకం రాస్తన్నావా?"

"టైము రాస్తన్నాను పిన్నీ. నీదొకటి సూడనీ." హేమ వేలితో నొక్కింది. సొట్ట పడి అలాగే ఉండిపోయింది. పాఠంలో చెప్పినట్టే ఉందన్న సంతోషంలో పైకే అనేసింది. "ఇది వాన పట్టకముందే సచ్చిపోనాది పిన్నీ!"

బేరమాడుతున్న తిరుమలరావు మాస్టారు చేతిలోని చేపను మెల్లగా గంపలో పెట్టేసి టీ కొట్టుకు నడిచారు. పావుగంటలో బజారంతా గుప్పుమంది.

"సేపల ఆఫీసరు మారువేషంలో వచ్చిందట!"

"అది మన లక్ష్మణమ్మ కూతురు కాదేటి?"

"అదేరా మారువేషమంటే!"

అమ్మేవాళ్లు గంపల మీద తడిగోనెలు కప్పేశారు. గోనెలు చూసి కొనేవాళ్లు అన్నిట్లోనూ కుళ్లకుండా మందు కొట్టిన పాత చేపే ఉందని తేల్చుకుని కోడిగుడ్లకు వెళ్లిపోయారు. లక్ష్మణమ్మ తిరిగొచ్చేసరికి బజారులో ఈగలూ, జల్లూ మిగిలాయి.

"కొంప ముంచీసినావు కదే," అందామె. అరవలేదు. గంప పక్కన కూలబడింది. అరిచి ఉంటే హేమకు కాస్త తేలిగ్గా ఉండేది.

"ఆఫీసరమ్మని కన్నావు. వండుకొని తినండి నలభై," అంది జగ్గమ్మ.

పదకొండైంది. చేపల కళ్లు మసకబారడం మొదలైంది. అలవాటుగా అదీ రాయబోయి హేమ ఆగిపోయింది.

అప్పుడు మోపెడ్ మీద హోటల్ జోగయ్య దిగాడు. "ఇనస్పెక్టరు తిరుగుతన్నాడట కదా. తినేవోళ్లు ఏనాటి సేప అనడిగితే నానేటి సెప్పీది? కాయితమేదైనా ఉన్నాదేటి?"

లక్ష్మణమ్మకు చదువు రాదు. కూతురి ఒళ్లోని పుస్తకం లాక్కుని ఆయనకిచ్చింది. "సూసుకో. ఏది ఎప్పుడు సచ్చిందో గంటతో సహా ఉన్నాది."

జోగయ్య ఒక్కొక్కటే చదివాడు. "నా మావ సచ్చినప్పుడు ఆసుపత్రోళ్లు కూడా ఇంత బాగా రాయనేదే!" రాసిన పేజీలన్నీ చింపి జేబులో పెట్టుకుని గంప మొత్తానికీ డబ్బిచ్చి ఎత్తించుకుపోయాడు.

జగ్గమ్మ దగ్గరికి జరిగింది, గొంతు తగ్గించింది. "హేమా, బంగారు తల్లీ, నా సేపకీ ఓ సీటీ రాసీవే. కూసింత ఆలీసంగా సచ్చినట్టు."

"కుదరదు పిన్నీ, అది అబద్ధపు సాక్ష్యం," అంది హేమ.

ఇంటికొచ్చి కథ మొదలుపెడదామని పుస్తకం తెరిచింది. సాక్ష్యం జోగయ్య హోటల్ గోడకు వేలాడుతోంది, మృతులు నలభైమందీ పులుసులో ఉన్నారు.