నా పెట్టెలో ఏముందో మీకెందుకు?

మనిషి ఇంతవరకు కనిపెట్టిన వాటిలో అన్నిటికన్నా గొప్పది ఏదని నన్నడిగితే చక్రమనో నిప్పనో చెప్పను. ఒక చిన్న బటన్ అని చెబుతాను. ఆన్‌లైన్ గేముల్లో, సెట్టింగుల పేజీలో, బాగా అడుగున ఉంటుంది. దాని పేరు లూట్ ప్రైవసీ. అది నొక్కితే మీకు దొరికింది మీకు తప్ప ఇంకెవరికీ కనబడదు.

నవ్వకండి. నేను కళ్ళజోళ్ళ షాపు నడుపుకునే మనిషిని. ఏది కనబడాలో, ఏది కనబడకూడదో ఆలోచించడమే నా వృత్తి.

గేములు ఆడని పాఠకులకు లూట్ అంటే ఏమిటో చెప్పాలి. దొంగతనం కాదు. నలుగురు జట్టుగా ఒక గుహలోకి వెళతారు. అక్కడ రెండంతస్తుల మేడంత మృగం ఉంటుంది. నలుగురూ కలిసి అరగంట బాదితే చస్తుంది. చచ్చాక దాని పక్కన ఒక పెట్టె ప్రత్యక్షమవుతుంది. అందులో కత్తో, డాలో, మంత్రదండమో ఉంటుంది. అదే లూట్. కొట్టినవాళ్ళు నలుగురు, దొరికిన కత్తి ఒకటి. అసలు యుద్ధం అప్పుడు మొదలవుతుంది!

మా జట్టులో కత్తి పట్టి ముందు నడిచేది నేను. నాయకుణ్ణి కూడా నేనే. నా భార్య ఫిజియోథెరపిస్టు. వారంలో ఆరు రోజులు జనం మోకాళ్ళు వంచి, చాపి, ఆదివారం మధ్యాహ్నం గేములో మా గాయాలు మానుస్తుంది. నా బావమరిది లిఫ్టు మెకానిక్. గేములో విలుకాడు. ఎప్పుడు చూసినా ఏదో ఒక ఎత్తు మీదే ఉంటాడు, అలవాటు మరి. నాలుగో మనిషి మా అక్క.

అక్క ఇక్కడికి నాలుగు గంటల దూరంలో, వేరే ఊళ్ళో ఒక్కతే ఉంటుంది. ఇరవై ఎనిమిదేళ్ళు బస్‌స్టాండ్‌లో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫామ్ మీదికి వస్తుందో చెప్పింది. మూడేళ్ళ కిందట ఆ పనిని రికార్డు చేసిన గొంతుకి అప్పగించి, ఆమె చేతిలో ఒక గోడ గడియారం పెట్టి ఇంటికి పంపించారు. ఆదివారాలు తనకి ఎంతకీ గడవడం లేదని అక్క ఓసారి మాటల్లో అంటే, బావమరిదే ఆమె కంప్యూటర్‌లో ఈ గేము పెట్టించాడు. అప్పటినుంచి మేం నలుగురం కలుసుకునే చోటు ఆ గుహే అయింది.

గేములో అక్కది మంత్రగత్తె వేషం. వెనక నిలబడి దండంతో నిప్పు విసరాలి. కానీ అసలు ఆమె చేసే పని వేరు. హెడ్‌ఫోన్‌లో ఆ పాత గొంతు నిదానంగా వినబడేది. ఎడమ ద్వారం నుంచి ముగ్గురు వస్తున్నారు, గమనించగలరు. పెద్ద మృగం మరికొద్ది సేపట్లో బయలుదేరుతుంది, దయచేసి గోడకు దూరంగా నిలబడగలరు. ఆ గొంతు వింటే మాకు భయం పోయేది. మృగాలు కూడా తోసుకోకుండా వరసలో వచ్చి చస్తున్నాయేమో అనిపించేది.

మొదట్లో పెట్టె అందరికీ ఒకటే. మూత తెరుచుకోగానే అందులో ఏముందో నలుగురికీ తెలిసిపోయేది. ఇది ఎంత అనాగరికమో ఆలోచించండి. ఒకసారి నిప్పుకి కాలని కోటు ఒకటి వచ్చింది. ముందుండి మంటలు భరించేది నేను కాబట్టి నాకే కావాలన్నాను. గాయాలు మాన్పే మనిషి కాలిపోతే మీ గతేమిటని నా భార్య అడిగింది. బావమరిది ఏమీ అడగలేదు, తీసేసుకున్నాడు. వాడు ఎక్కే ఎత్తుకి మంట కాదు కదా, పొగ కూడా రాదు! ఆ గొడవ గేములోంచి హాల్లోకి, హాల్లోంచి ఫోనులోకి పాకి, చివరికి అక్క తీర్పు చెప్పేదాకా సాగింది. కోటు నా భార్యకి దక్కింది. నేను ఆ వారమంతా షాపులో అద్దాలు తుడుస్తూ ఆ కోటు గురించే ఆలోచించాను.

సరిగ్గా అప్పుడే కంపెనీవారు అప్‌డేట్‌లో ఆ బటన్ పంపించారు. నాయకుణ్ణి కనుక నేనే నొక్కాను.

ఎంత శాంతి! ఇప్పుడు మృగం చస్తే నాలుగు పెట్టెలు. ఎవరి పెట్టె వారికి. పక్కవాడికి మూత కదలడం తప్ప ఏమీ కనబడదు. నెల తిరిగేసరికి మాలో గొప్ప మర్యాద పెరిగింది. ఎవరికి ఏమొచ్చిందని అడగడం మోటుతనం. పొరపాటున ఎవరైనా అడిగితే ‘చెత్త’ అనాలి. మరుసటి వారం గేములో నా బొమ్మ ఒంటి మీద కొత్త కవచం ధగధగలాడితే, ఇది ఎప్పటిదో అనాలి. విన్నవాళ్ళు నమ్మినట్టు ఊరుకోవాలి. ఏడు నెలలు ఒక్క మాట తేడా రాలేదంటే నమ్మండి.

నిజానికి ఈ బటన్ రాకముందు నుంచే పెద్దమనుషులంతా ఇలాగే బతుకుతున్నారు. చెప్పిన రోజున వచ్చే ప్లంబరు నంబరు మీకెవరైనా ఇచ్చారా? ఇవ్వరు. మా పై ఫ్లాటాయన నడుం నొప్పి పది రోజుల్లో తగ్గించిన డాక్టరు పేరు ఇంతవరకు బయట పెట్టలేదు. ఎలా తగ్గిందంటే దానంతటదే తగ్గిందంటాడు. లైసెన్సు ఆఫీసులో ఏ వారం క్యూ ఉండదో తెలిసినవాడు ఆ రహస్యాన్ని గుండెల్లో దాచుకుని తిరుగుతాడు. నేనూ తక్కువ వాణ్ణి కాదు. అద్దం మీద గీత పడకుండా తుడిచే గుడ్డ ఎక్కడ దొరుకుతుందో పక్క షాపువాడు నాలుగేళ్ళుగా అడుగుతున్నాడు. అడుగుతూనే ఉంటాడు.

ఇంత చక్కని ఏర్పాటులో ఒక చిన్న విషయం జరిగింది. నిజాయితీపరుడైన రచయితను కనుక దాన్నీ చెబుతాను.

అక్క త్వరగా పడిపోవడం మొదలుపెట్టింది. మొదట పోరాటం చివర్లో పడిపోయేది. తర్వాత మధ్యలో. చివరికి మృగం ఒళ్ళు విరుచుకుంటే చాలు, అక్క కింద ఉండేది. నా భార్య పరుగెత్తి లేపేది. లేచిన అక్క ఇంకో రెండు నిమిషాలకి మళ్ళీ పడేది. కింద పడి ఉండి కూడా ప్రకటనలు మానలేదు. నేను పడిపోయాను, మీరు ప్రయాణం కొనసాగించగలరు అనేది. మేం నవ్వుకునేవాళ్ళం. వదినగారు గుహ బయటే నిలబడి ప్రకటనలు చెబితే మేలేమోనని బావమరిది ఎంతో మర్యాదగా సూచించాడు. వయసు కదా అని నా భార్య అంది. నేనూ అలాగే అనుకున్నాను.

ఒక ఆదివారం అక్క రాలేదు. కళ్ళు లాగుతున్నాయని మెసేజ్ పెట్టింది. తర్వాతి ఆదివారం కూడా అదే మెసేజ్. మూడో ఆదివారం మెసేజ్ కూడా లేదు.

కళ్ళంటే నా శాఖ. నేనే ఫోన్ చేసి షాపుకి రమ్మని పట్టుబట్టాను. బుధవారం పొద్దున మొదటి బస్సుకి వచ్చింది. కుర్చీలో కూర్చోబెట్టి, ఒక కన్ను మూసి, చార్టు చూపించాను. చివరి వరస చదివేసింది. రెండో కంటితో కూడా చదివేసింది. దాని కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న ప్రింటింగ్ ప్రెస్ పేరు కూడా చదివి, అందులో ఒక అచ్చుతప్పు ఉందని చెప్పింది.

“కళ్ళు బాగానే ఉన్నాయి కదక్కా. ఆటకి ఎందుకు రావడం లేదు?” అని అడిగాను.

అక్క షాపు కంప్యూటర్‌లో గేము తెరవమంది. తన పాస్‌వర్డు తనే కొట్టి, ఇంతవరకు దొరికినవన్నీ దాచుకునే తన పెట్టె తెరిచి చూపించింది. నాలుగు ఆకులు, ఒక చిరిగిన చెప్పు ఉన్నాయి. చేతిలో ఉన్నది గేములో చేరిన రోజున అందరికీ ఊరికే ఇచ్చే చెక్క దండం. ఏడు నెలలుగా ఆమె పెట్టెలో పడినవి ఇవే. గేము అదృష్టం కొద్దీ ఇస్తుంది. మా అక్కకి ఇవ్వలేదు. మేం ముగ్గురం గేములో ఒక్కో మెట్టూ పైకెక్కుతూ, పెద్ద పెద్ద మృగాల గుహలకి ఆమెను వెంటబెట్టుకుని పోతూనే ఉన్నాం.

“మాకు చెప్పొచ్చు కదా,” అన్నాను.

“ఏమని చెప్పనురా? ఎప్పుడడిగినా మీకు చెత్తే వచ్చిందన్నారు. అందరికీ చెత్తే వస్తోంది, మీరు దాంతోనే అంత బాగా ఆడుతున్నారు, నాకే చేతకావడం లేదనుకున్నాను,” అంది అక్క.

ఊరందరి బస్సుల సంగతీ మైకులో చెప్పిన మనిషి. తన సంగతి చెప్పుకోవడం ఎక్కడా నేర్చుకోలేదు.

సరే, నా పెట్టెలో ఏమైనా ఉందేమో చూద్దామని నా అకౌంటు తెరిచాను. ఆమె నాకెదురుగా కూర్చుని ఉంది, స్క్రీను నావైపు ఉంది. ప్రైవసీకి ఏ లోటూ లేదు. పెట్టెలో మంత్రదండాలు ఉన్నాయి. కత్తి పట్టేవాడు దండం ఎత్తను కూడా ఎత్తలేడు. ఎందుకు దాచానంటే ఏం చెప్పను? నీలంగా మెరుస్తున్నాయి. ఎప్పుడైనా పనికొస్తాయనుకున్నాను. ఒకటి రెండు చిన్నవి ఉన్నట్టున్నాయక్కా అని గొణిగాను.

“మూడు,” అంది అక్క.

కళ్ళజోళ్ళ షాపులో ఎటు చూసినా అద్దాలే. నా వెనక గోడంతా అద్దమే. పదిహేనేళ్ళ కిందట నేనే బిగించాను.

వెంటనే మూడూ ఆమెకి పంపబోయాను. గేము ఒప్పుకోలేదు. దొరికిన గంటలోపు ఇవ్వకపోతే ఆ వస్తువు ఎప్పటికీ మీదేనట. పారవేయవచ్చు, ఇవ్వలేరు అని స్క్రీను మీద వచ్చింది. నా భార్యకి ఫోన్ చేసి తన పెట్టెలో దండాలేమైనా ఉన్నాయా అని అడిగాను. ఎవరి మోకాలో పట్టుకుని ఉన్నట్టుంది, గొంతు తగ్గించింది. రెండున్నాయండీ అంది. బావమరిదికి చేస్తే, రెండు అంతస్తుల మధ్య ఉన్నాను బావా, కిందికి దిగి చెబుతానన్నాడు. పావుగంటకి చేశాడు. నాలుగు. వాటిల్లో ఒకటి గేము మొత్తంలోనే అరుదైన రకం.

మొత్తం తొమ్మిది. అక్క కోప్పడి ఉంటే బాగుండేది. పదకొండూ నలభై బస్సు ఉంది, వెళతానని లేచింది. పరీక్ష చేసినందుకు థాంక్స్ అని కూడా చెప్పింది. తమ్ముడికి!

ఆ ఆదివారం ముగ్గురమే గుహలోకి వెళ్ళాం. ఎవరు ఎటు నుంచి వస్తున్నారో చెప్పేవాళ్ళు లేరు. మూడుసార్లు చచ్చాం. హెడ్‌ఫోన్‌లో మా ముగ్గురి ఊపిరి తప్ప ఏమీ వినబడలేదు. మూడోసారి చచ్చాక నా భార్య, మనం పాత బొమ్మల్ని చెరిపేసి మొదటి మెట్టు నుంచి మొదలుపెడదామంది. నేను గట్టిగా వ్యతిరేకించాను. రెండేళ్ళు చెమటోడ్చి సంపాదించిన కవచం, కత్తి! బావమరిది అప్పటికే తన బొమ్మని చెరిపేశాడు, అరుదైన దండంతో సహా. తర్వాత నా భార్య. అందరికన్నా చివర నేను నొక్కాను. ఎంత సేపటికి నొక్కానన్నది నా స్వంత విషయం.

నా భార్యే అక్కకి ఫోన్ చేసింది. “వదినా, మా దగ్గర ఇప్పుడు ఏమీ లేదు. నలుగురికీ చెక్క సామానే. పెట్టె కూడా అందరికీ ఒకటే పెట్టించాను. వస్తారా?”

అక్క ఏ గుహ అని అడిగింది.

పాఠకులారా, ఇప్పుడు మా పరిస్థితి చూడండి. ప్రశాంతత పోయింది. మూత తెరిస్తే చాలు, నలుగురం ఒకేసారి మాట్లాడతాం. బావమరిదికి ఏం దొరికిందో నాకు తెలుసు, నాకేం దొరకలేదో వాడికి తెలుసు. అక్క చేతికి రెండో వారమే మంచి దండం వచ్చింది. దాంతో ఆమె ఎంత నిప్పు విసురుతోందంటే, గోడకు దూరంగా నిలబడమని ఇప్పుడు మమ్మల్ని కాదు, మృగాన్ని హెచ్చరించాలి.

ఇదంతా భరిస్తాను. నేను భరించలేనిది వేరే ఉంది.

మొన్నటి ఆదివారం పెట్టెలోంచి ఒక శిరస్త్రాణం బయటపడింది. బోర్లించిన గిన్నెలా ఉంటుంది కానీ గట్టిది. ముగ్గురికి పనికొస్తుంది. ఇంకా ఎవరూ ఏమీ అనకముందే హెడ్‌ఫోన్‌లో ఆ నిదానమైన గొంతు వచ్చింది. “అది తమ్ముడికి. వాడి తలకి ఏమీ లేదు.” అంతే. ఎవరూ ముట్టుకోలేదు. నలుగురు చూస్తుండగా నేను దాన్ని తీసుకుని పెట్టుకోవాల్సి వచ్చింది.

పాత పద్ధతిలోనైతే ఎవరికీ తెలియకుండా తీసుకుని, ఎవరికీ ఏమీ కాకుండా హాయిగా ఉండేవాణ్ణి. ఇప్పుడు నాకు పట్టిన గతి చూశారా? ఇంతకన్నా మంచిది రేపు దొరికినా ఈ గిన్నె తీయలేను. అందుకే చెబుతున్నాను, మీ ఇంట్లో ఆ బటన్ ఉంటే వెంటనే నొక్కేయండి. లేకపోతే ఏదో ఒక ఆదివారం మీకూ ఎవరో ఒకరు ఏదో ఒకటి ఇచ్చేస్తారు.